పారేయడానికి చేసిన ఇంజను

దుండిగల్, హకీంపేట చుట్టుపక్కల పెరిగినవాళ్లకి కిరణ్ విమానాన్ని పరిచయం చెయ్యనక్కర్లేదు. గురువూ శిష్యుడూ పక్కపక్కనే కూర్చునే ఆ శిక్షణ విమానాన్ని హెచ్‌ఏఎల్ 1964 సెప్టెంబరు 4న బెంగళూరులో మొదటిసారి ఎగరేసింది. ఆ తర్వాత తరాల తరబడి మన వాయుసేన కుర్రాళ్లు జెట్ నడపడం దాని మీదే నేర్చుకున్నారు. కిరణ్ తొలి రకంలో ఉన్న ఇంజను పేరు వైపర్. బ్రిటన్‌లోని ఆర్మ్‌స్ట్రాంగ్ సిడ్లీ కంపెనీ రూపొందించింది. ఆ ఇంజను పుట్టుక గురించి చదువుతుంటే తగిలిన సంగతి నన్ను కొన్నాళ్లపాటు వేరే పని చెయ్యనివ్వలేదు. వైపర్ మనుషులెక్కే విమానం కోసం పుట్టలేదు. ఆస్ట్రేలియా ఎడారిలో క్షిపణులకు గురిగా పంపే, పైలట్ లేని విమానం కోసం పుట్టింది.

కూలిపోయేదానికి ఖరీదైన ఇంజను ఎందుకన్నది అప్పటి లెక్క. అందుకే తొలి వైపర్‌ని కొద్ది గంటలు నడిస్తే చాలన్నట్టు కట్టారు. మామూలు ఇంజనులో నూనె బేరింగుల్ని తడిపి, మళ్లీ ట్యాంకులోకి చేరి, మళ్లీ తిరుగుతుంది. తొలి వైపర్‌లో ఆ ఏర్పాటే లేదు. ఒకసారి తడిపిన నూనె బయటికి పోవడమే. ఆ ఇంజనే తర్వాత బలపడి, బ్రిటన్‌లో జెట్ ప్రోవోస్ట్ శిక్షణ విమానాన్నీ, హెచ్‌ఎస్-125 అనే వ్యాపారవేత్తల విమానాన్నీ, ఇటలీ వాళ్ల మాకీనీ, యుగోస్లావియా వాళ్ల గాలెబ్‌నీ, మన కిరణ్‌నీ నడిపింది. షాకిల్టన్ అనే భారీ గస్తీ విమానానికి నేల విడిచేటప్పుడు ఊతంగా కూడా పెట్టారు.

ఆ పైలట్ లేని విమానం పేరు జిండివిక్. అది ఎగిరిన చోటు దక్షిణ ఆస్ట్రేలియాలో, అడిలైడ్‌కి వాయవ్యంగా సుమారు 450 కిలోమీటర్ల దూరంలో ఉన్న వూమెరా.

వూమెరా ఎందుకు పుట్టిందో తెలియాలంటే లండన్‌కి వెళ్లాలి. 1944, 45ల్లో జర్మన్ల వీ-2 రాకెట్లు ఆ నగరం మీద పడ్డాయి. వాటిని ఆపే సాధనమేదీ బ్రిటన్ దగ్గర లేదు. యుద్ధం ముగిశాక తామూ క్షిపణులు చేసుకోవాలనుకున్నారు. కానీ వందల మైళ్లు వెళ్లే వస్తువును పరీక్షించేంత నేల ఆ చిన్న దీవిలో ఎక్కడిది? జనరల్ జాన్ ఎవెట్స్ నాయకత్వంలో ఒక బృందం 1946లో ఆస్ట్రేలియా వచ్చింది. 1947 ఏప్రిల్ 1న రెండు దేశాల ఉమ్మడి పథకం మొదలైంది. వూమెరా నుంచి వాయవ్య దిక్కుగా, ఎడారుల మీదుగా, పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఎయిటీ మైల్ బీచ్ దాకా పటం మీద ఒక గీత గీశారు. ఆ గీత పొడవునా ఎవరూ లేరని కాగితాల్లో రాసుకున్నారు. ఆ మాట నిజం కాదు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

రైలు ఆగే పింబా దగ్గర, చెట్టు లేని ఎర్రనేల మీద, పదేళ్లు తిరక్కముందే బడి, ఆసుపత్రి, సినిమా హాలు ఉన్న ఊరు లేచింది. మర్రీ నది నీళ్లు గొట్టాల్లో వచ్చాయి. అక్కడి నుంచి ఎడారి లోపలికి వెళితే ఎవెట్స్ పేరు పెట్టిన విమానాశ్రయం. ఈ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన నాలుగేళ్లు, 1948 నుంచి 1952 దాకా, ఆ రన్‌వే మీద తొలి జిండివిక్ లేవడం కోసం ఎదురుచూసినవే.

క్షిపణి పనిచేస్తుందో లేదో తెలియాలంటే అది దేన్నైనా వెంబడించాలి. నిజమైన బాంబర్ అంత వేగంగా, అంత ఎత్తున ఎగిరేదై ఉండాలి, అందులో మనిషి ఉండకూడదు. ఆ పని మెల్‌బోర్న్ ఫిషర్‌మన్స్ బెండ్‌లోని ప్రభుత్వ విమాన కర్మాగారానికి అప్పగించారు. రూపకల్పన బృందానికి పెద్ద ఇయన్ ఫ్లెమింగ్. జేమ్స్ బాండ్ నవలలు రాసిన ఆయనదీ ఇదే పేరు కాబట్టి ఈయన గురించి ఎక్కడ వెతికినా ఆయనే ఎదురొస్తాడు. అది నాకు బాధ కలిగించే విషయం. ఊహల్లో గూఢచారిని పుట్టించినవాణ్ణి లోకం గుర్తుపెట్టుకుంది. పైలట్ లేని జెట్‌ని నిజంగా ఎగరేసి, దించి, మళ్లీ ఎగరేసినవాణ్ణి ఆస్ట్రేలియాలోనే చాలామంది ఎరగరు.

రేడియోతో నడిచే జెట్‌ని నేరుగా గాలిలోకి వదిలితే, ఏదైనా తేడా వచ్చినప్పుడు తప్పు రెక్కదో, రేడియోదో, ఇంజనుదో ఎలా తెలుస్తుంది? ఫ్లెమింగ్ బృందం దీనికి ఒక చక్కటి దారి పట్టింది. ముందు అదే విమానాన్ని మనిషి కూర్చునేలా కట్టారు. జిండివిక్‌లో పరికరాలుండే చోట చిన్న కాక్‌పిట్ పెట్టి, గాలి లోపలికి వెళ్లే దారిని పక్కలకు జరిపి, చక్రాలు అమర్చారు. దాని పేరు పికా. చేసినవి రెండే. 1950లో వూమెరాలో దాన్ని నడిపినవాడు జాన్ మైల్స్. ఆ కాక్‌పిట్ ఎంత ఇరుకో ఫొటోలు చూస్తే తెలుస్తుంది. విమానం ఎలా స్పందిస్తుందో, నేల నుంచి వచ్చే ఆజ్ఞలకు ఎలా లోబడుతుందో అన్నీ మనిషి ప్రాణం పణంగా పెట్టి తేల్చుకున్నాకే, 1952 ఆగస్టు 28న తొలి జిండివిక్ ఒంటరిగా ఎగిరింది. అప్పటికి వైపర్ అందలేదు. పికాలోనూ తొలి జిండివిక్‌లోనూ ఉన్నది దాని అన్నలాంటి ఆడర్ ఇంజను. తర్వాతి రకం నుంచి వైపరే.

అది నేల విడిచే తీరు చూడముచ్చటైనది. జిండివిక్‌కి చక్రాల్లేవు. మూడు చక్రాల ట్రాలీ మీద కూర్చుని రన్‌వే మీద పరుగెడుతుంది. వేగం చాలినంత అందగానే విమానం పైకి లేస్తుంది, ట్రాలీ కింద ఆగిపోతుంది. దిగేటప్పుడు పొట్టకింద ఉన్న స్కిడ్ చాచి, నేలను రాసుకుంటూ ఆగుతుంది. దాన్ని దించడం ఒక్కరి పని కాదు. దూరంగా ఉన్నప్పుడు రాడార్ చూస్తూ నియంత్రణ గదిలోవాళ్లు నడుపుతారు. రన్‌వే దగ్గరికొచ్చాక, బయట నిలబడి దూరదర్శినిలో కళ్లు పెట్టిన ఇద్దరి చేతుల్లోకి అది వస్తుంది. ఒకరు అది గీత మీద వస్తోందా అని చూస్తే, రెండోవారు ఎత్తు సరిగా తగ్గుతోందా అని చూస్తారు. క్రికెట్టుకి సంబంధం లేకపోయినా వాళ్లని బ్యాట్స్‌మన్ అనేవారు. విమానవాహక నౌకల మీద చేతుల్లో పలకలు పట్టుకుని విమానాలను దించేవాళ్ల పేరు అది.

ఇక్కడే ఇంజను కథ మలుపు తిరిగింది. పరీక్షించే క్షిపణి జిండివిక్‌ని కొట్టి తీరాలని లేదు, ఎంత దగ్గరగా వెళ్లిందో తెలిస్తే సరిపోతుంది. అందుకే రెక్కల చివర కెమెరాలున్న డొప్పలు తగిలించి, దూసుకొచ్చే క్షిపణిని చిత్రీకరించారు. తర్వాత్తర్వాత వెనక చాలా దూరంలో తాడుతో మరో గురిని లాక్కెళ్లడం మొదలుపెట్టారు. చావడానికి పుట్టించిన విమానం ప్రతిసారీ ఇంటికి తిరిగొస్తుంటే దాని ఇంజను కూడా అనుకున్నదానికంటే ఎక్కువ బతకాలి. వైపర్ బతికింది. జిండివిక్‌లు 500కి పైగా తయారయ్యాయి. బ్రిటన్, స్వీడన్, అమెరికా కొనుక్కున్నాయి. వేల్స్ తీరంలోని లన్‌బెడర్‌లో అవి దశాబ్దాలపాటు ఎగిరాయి. ఆస్ట్రేలియా వాయుసేన 1967 నుంచి వాడిన మాకీ శిక్షణ విమానాల్లోనూ వైపరే ఉండడం చూస్తే, తమ ఎడారి కోసం చేయించుకున్న ఇంజను వాళ్ల పిల్లల చదువుకి పనికొచ్చిందన్నమాట.

వైపర్‌కి అమెరికాలో ఒక దాయాది ఉంది. శత్రు రాడార్లను మోసగించడానికి బాంబర్ నుంచి వదిలే క్వెయిల్ అనే చిన్న ఉత్తుత్తి విమానం కోసం జనరల్ ఎలక్ట్రిక్ జె-85 ఇంజను చేసింది. అదీ పారేసుకోవడానికి చేసిందే. అది టీ-38 శిక్షణ విమానంలోకెక్కి, నేటికీ నాసా వ్యోమగాముల్ని మోస్తోంది. తండ్రి హైదరాబాదు నుంచి వలసవెళ్లిన రాజాచారి ఆ వ్యోమగాముల్లో ఒకరు.  జిండివిక్‌కి పూర్వులు కూడా ఉన్నారు. 1930ల్లో బ్రిటిష్ నౌకాదళం తుపాకీ గురికి వాడిన క్వీన్ బీ ఒకటి. అది చెక్కతో, గుడ్డతో చేసిన రెండు రెక్కల విమానం.

వూమెరాలో ఎగిరిన ప్రతిదాన్నీ కినోథియోడలైట్లు అనే కెమెరాలు పలుచోట్ల నుంచి ఫిల్ము తీసేవి. ఆ ఫిల్ముల్ని అడిలైడ్ పక్కన సాలిస్‌బరీలో కూర్చుని, ఒక్కొక్క ఫ్రేములో కోణాలు చదివి, లెక్కగట్టి, క్షిపణి ఎక్కడెక్కడ ఉందో తేల్చినవాళ్లు ఆడపిల్లలు. వాళ్ల ఉద్యోగం పేరే కంప్యూటర్. 1950ల నడుమ వ్రెడాక్ అనే యంత్రం వచ్చి ఆ లెక్కల పనిని చేపట్టింది. రాకెట్ల పేర్లు నిలిచాయి, రన్‌వేకి జనరల్ పేరు పెట్టారు. ఆ పిల్లల పేరు ఒక వీధికి పెట్టినా ఎంత బాగుండేది!

ఇప్పుడు ఆ గీత సంగతి. వూమెరా ఉన్న నేల కొకథా జాతిది. గీత పొడవునా ఇంకెన్నో జాతులు. అడిలైడ్‌లో చార్లెస్ డ్యూగిడ్ అనే సర్జన్ ఈ పథకాన్ని మొదట్నుంచీ ఎదిరించాడు. తన మాట చెల్లకపోయేసరికి 1947లో ఆదివాసుల రక్షణ మండలికి రాజీనామా చేశాడు. ప్రభుత్వం ఊరటగా ఒక అధికారిని నియమించింది. వాల్టర్ మెక్‌డూగల్ అనే ఆ మనిషి, కొన్నేళ్లపాటు ఒక్కడే, ఒక వాహనంలో, ఆంధ్రా తెలంగాణా కలిపినదానికంటే పెద్ద నేల మీద తిరుగుతూ అక్కడివాళ్లకి హాని కలగకుండా చూడాలి. అతను ఆ పని మనస్ఫూర్తిగా చేశాడు. జైల్స్ వాతావరణ కేంద్రాన్నీ, దానికి వేసే రోడ్లనీ 1950ల నడుమ వ్యతిరేకించాడు. పిడికెడు స్థానికుల బాగోగుల్ని బ్రిటిష్ కామన్వెల్తు ప్రయోజనాల కంటే మిన్నగా చూస్తున్నాడని ప్రధాన శాస్త్రవేత్త అలన్ బ్యూట్‌మెంట్ అతని మీద ఉత్తరం రాశాడు. నా దృష్టిలో ఆ మనిషికి అంతకంటే గొప్ప యోగ్యతాపత్రం లేదు.

ఆ రోడ్లు వేసినవాడు లెన్ బీడెల్. మంచి సర్వేయరు, హాస్యప్రియుడు. చిన్న బృందంతో ఎడారిలో 6,000 కిలోమీటర్లకు పైగా దారి పరిచాడు. ఒక దారికి భార్య పేరు, ఒకదానికి కూతురి పేరు, ఒకదానికి కొడుకు పేరు పెట్టుకున్నాడు. అతని పుస్తకాలు ఇప్పటికీ ఇష్టంగా చదువుతారు. కానీ ఆ దారులు అక్కడి నేల మీద తొలివి కావు. నీటిగుంటల పేర్లను వరసగా గుర్తుపెట్టుకుని నడిచిన జనం అక్కడ వేల ఏళ్లుగా ఉన్నారు.

1964లో బ్లూ స్ట్రీక్ రాకెట్ పరీక్షకు సిద్ధమైంది. అది పడే అవకాశమున్న పెర్సివల్ సరస్సుల ప్రాంతాన్ని ఖాళీ చెయ్యాలని మెక్‌డూగల్‌నీ, రెండో అధికారి రాబర్ట్ మెకాలేనీ పంపారు. అక్కడ మార్తు జాతికి చెందిన ఇరవై మంది స్త్రీలు, పిల్లలు బతుకుతున్నారు. మగవాళ్లెవరూ లేరు. బయటి మనుషుల్ని అంతకుముందు ఎరగరు. యువాలి అనే పదిహేడేళ్ల పిల్ల తమవైపొస్తున్న ట్రక్కుని చూసి బండరాయి కదులుతోందనుకుంది. రక్షణకని నియమించిన అధికారుల చేతే చివరికి వాళ్ల నేల ఖాళీ చేయించారు. వాళ్లని జిగలాంగ్ మిషన్‌కి చేర్చారు. బ్లూ స్ట్రీక్ జూన్ 5న ఎగిరింది.

ఆ తర్వాతి దశాబ్దాల్లో వూమెరా త్వరగా దిగజారింది. 1967 నవంబరులో ఆస్ట్రేలియా తన తొలి ఉపగ్రహం వ్రెసాట్‌ని అమెరికా ఇచ్చిన రాకెట్ మీద వూమెరా నుంచే పంపింది. తయారీకి ఏడాది కూడా పట్టలేదు. ఆ ఊపుని కొనసాగించకపోవడం ఆ దేశం చేజార్చుకున్న పెద్ద అవకాశమని నాకనిపిస్తుంది. అంతరిక్ష సంస్థ పెట్టుకోవడానికి వాళ్లకి 2018 దాకా పట్టింది. బ్రిటన్ ఇంకా అన్యాయంగా, 1971 జులైలో తన బ్లాక్ యారో రాకెట్ పథకాన్ని రద్దుచేసింది. రాకెట్ సిద్ధంగా ఉంది కాబట్టి అక్టోబరు 28న చివరిసారి ఎగరేసింది. అది ప్రాస్పెరో ఉపగ్రహాన్ని విజయవంతంగా కక్ష్యలో పెట్టింది. ఉమ్మడి పథకం 1980లో ముగిసింది. ఒకప్పుడు వేలమంది ఉన్న ఊళ్లో ఇప్పుడు జనం రెండొందల లోపే.

రన్‌వేలు మాత్రం ఊరుకోలేదు. బ్రిటన్ తన టరానిస్ డ్రోన్‌ని 2013లో అక్కడే రహస్యంగా ఎగరేసింది. 2021 ఫిబ్రవరి 27న బోయింగ్ ఆస్ట్రేలియా చేసిన గోస్ట్ బ్యాట్ వూమెరాలోనే తొలిసారి లేచింది. పైలట్ లేకుండా, ఇతర యుద్ధవిమానాలకు తోడుగా వెళ్లే విమానం అది.

ప్రాస్పెరో ఎగిరిన అదే నెలలో, 1971 అక్టోబరు 9న, మన శ్రీహరికోట నుంచి తొలి రోహిణి రాకెట్ లేచింది. ఒక చోట ముగింపు, ఇంకో చోట ఆరంభం పందొమ్మిది రోజుల తేడాతో జరిగాయి. శ్రీహరికోట కూడా పటం మీద ఖాళీగా కనిపించిన దీవి. అక్కడ తేనె పట్టి, దుంపలు తవ్వి, పులికాట్‌లో చేపలు పట్టి బతికిన యానాదులు ఉండేవారు. రాకెట్ కేంద్రం కోసం వాళ్లలో చాలామంది దీవి వదిలారు. మన రాకెట్లంటే నాకు గర్వం. వాళ్లు చెల్లించిన ధరను గుర్తు చేసుకోవడం ఆ గర్వానికి అడ్డు రాదు. యువాలి తన కథ తనే చెప్పింది. అది 2005లో పుస్తకమైంది, 2009లో సినిమా అయ్యింది. దీవి దాటిననాటికి యువాలి వయసున్న యానాదులు ఇప్పుడు డెబ్బై దాటినవాళ్లు. సూళ్లూరుపేట చుట్టుపక్కల వాళ్లని కలిసి, ఏ చెట్టు ఎక్కడుండేదో, ఏ రోజు ఎవరొచ్చి ఏమన్నారో, పడవలో ఏం వెంట తెచ్చుకున్నారో వాళ్ల మాటల్లోనే రికార్డు చెయ్యడానికి ఏ విశ్వవిద్యాలయమైనా ఈ ఏడాదే పూనుకోవాలి.