13 లక్షల కోళ్లని చంపిన నగరం: బర్డ్ ఫ్లూ ఎలా ఆగుతుంది?

 

2025 ఫిబ్రవరి గుర్తుందా? తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో ఫారాల్లో కోళ్లు కుప్పలు కుప్పలుగా చచ్చిపోయాయి. శాంపిళ్లు భోపాల్ ల్యాబ్‌కి వెళ్తే హెచ్5ఎన్1 అని తేలింది, అంటే బర్డ్ ఫ్లూ. మన వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం ఒకటే ప్రశ్న: చికెన్ తినొచ్చా, తినకూడదా? దానికి జవాబు చిన్నదే. బాగా ఉడికితే వైరస్ బతకదు. నాకు ఇంకో ప్రశ్న ముఖ్యం అనిపించింది. షెడ్డులో మూసి పెంచే కోడి పక్క ఊరు వెళ్లదు కదా, మరి దాని జబ్బు ఎలా వెళ్తుంది?

ఈ ప్రశ్నకి ప్రపంచం పాఠం నేర్చుకున్నది హాంకాంగ్‌లో. సంవత్సరం 1997. బ్రిటన్ చేతుల్లోంచి చైనా చేతుల్లోకి నగరం మారిన సంవత్సరం అది. ఆ మార్చిలోనే అక్కడి పల్లె ప్రాంతాల ఫారాల్లో వేల కోళ్లు చచ్చిపోయాయి. మే నెలలో మూడేళ్ల బాబు ఒకడు ఫ్లూతో చనిపోయాడు. అది ఏ వైరస్ అనేది ఆగస్టుకి గానీ తేలలేదు. తేలాక సైంటిస్టులకి నిద్ర పట్టలేదు. ఎందుకంటే కోళ్ల హెచ్5ఎన్1 నేరుగా మనిషికి సోకి ప్రాణం తీసినట్టు అప్పటిదాకా ఎక్కడా రికార్డు లేదు.

కొన్ని నెలలు అంతా ప్రశాంతం. నవంబర్, డిసెంబర్ వచ్చేసరికి కేసులు వరసగా వచ్చాయి. మొత్తం 18 మందికి సోకింది, 6 మంది చనిపోయారు. అప్పుడు పరిశోధకులు బతికిన కోళ్లు అమ్మే మార్కెట్లకి వెళ్లి రెట్ట శాంపిళ్లు తీశారు. దాదాపు ప్రతి ఐదు కోళ్లలో ఒకదానిలో వైరస్ ఉంది!

ఎందుకలా? ఆ మార్కెట్ ఎలా నడిచేదో చూడండి. కోళ్లు, బాతులు, కంజు పిట్టలు, అన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చిన బోనుల్లో ఉంటాయి. పై బోను రెట్ట కింది బోనులో పడుతుంది. ఇవాళ అమ్ముడుపోని కోడి రాత్రికి అక్కడే ఉంటుంది. తెల్లారి కొత్త లోడు వచ్చి దాని పక్కనే దిగుతుంది. పాత కోడి కొత్త కోడికి అంటిస్తుంది. ఖాళీ బోనులు, లారీలు మళ్లీ ఫారాలకి వెళ్తాయి. నేను సాఫ్ట్‌వేర్‌లో పని చేసిన వాణ్ణి కాబట్టి నాకు ఇది నెట్‌వర్క్‌లా కనిపిస్తుంది. ఫారాలు కంప్యూటర్లు అనుకుంటే, మార్కెట్ వాటన్నిటినీ కలిపే రౌటర్.

డిసెంబర్ 29న హాంకాంగ్ ప్రభుత్వం మొదలుపెట్టింది. ఫారాల్లో, మార్కెట్లలో ఉన్న కోళ్లన్నిటినీ చంపేశారు. సుమారు 13 లక్షలు. వ్యాపారులకి పరిహారం ఇచ్చారు. చైనా నుంచి వచ్చే కోళ్లని అప్పటికే ఆపేశారు. ఆ దెబ్బతో మనుషుల్లో కేసులు ఆగిపోయాయి.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ 2001లో అక్కడి మార్కెట్లలో వైరస్ మళ్లీ కనిపించింది, మళ్లీ లక్షల కోళ్లని చంపారు. అంటే చంపడం ఒక్కటే సరిపోదు, వైరస్ నడిచే దారిని మూయాలి. హాంకాంగ్ ఆ పనే ఒక్కో మెట్టుగా చేసింది. బాతుల్ని 1998లోనే కోళ్ల నుంచి వేరు చేశారు. 2001లో నెలకి ఒక రోజు మార్కెట్లన్నీ ఖాళీ చేసి కడగడం పెట్టారు. 2002లో బతికిన కంజు పిట్టల అమ్మకం ఆపారు. 2008లో రాత్రిపూట మార్కెట్లో ఒక్క కోడిని కూడా ఉంచకూడదన్నారు. వినడానికి చిన్న చిన్న రూల్సే. కానీ ఒక్కో రూల్ ఒక్కో దారికి తలుపు వేసింది.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. 2006 ఫిబ్రవరి 18. మహారాష్ట్ర నందుర్బార్ జిల్లా నవాపూర్‌లో తొలిసారి మన దేశపు కోళ్లలో హెచ్5ఎన్1 ఉందని ప్రకటించారు. అయితే అంతకు కొన్ని వారాల ముందు నుంచే అక్కడ కోళ్లు చచ్చిపోతున్నాయి. అది రాణిఖేత్ అనుకున్నారు, అదే మన రైతులు కొక్కెర తెగులు అంటారే, అది. రెండు జబ్బులూ పైకి ఒకేలా కనిపిస్తాయి. ల్యాబ్ చెప్తే తప్ప తేడా తెలీదు. ఆ కొన్ని వారాల్లో ఎన్ని లారీలు తిరిగి ఉంటాయో ఆలోచించండి. ఆ తర్వాత లక్షల కోళ్లని చంపారు. ఆ వార్తకే వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న మన తెలుగు ఫారాల్లో కూడా చికెన్, గుడ్ల ధరలు పడిపోయాయి.

ఇప్పుడు రూల్ ఏంటంటే, జబ్బు తేలిన చోటి నుంచి ఒక కిలోమీటర్ లోపల ఉన్న కోళ్లన్నిటినీ చంపాలి, పది కిలోమీటర్ల దాకా నిఘా పెట్టాలి. 2025లో గోదావరి జిల్లాల్లో చేసింది అదే. కాగితం మీద ప్లాన్ బాగుంది. కానీ ఆ ప్లాన్ మొదలవ్వాలంటే ఒక రైతు పశువుల డాక్టర్‌కి ఫోన్ చేయాలి. అసలు చిక్కు అక్కడే ఉంది.

ఆ రైతు వైపు నుంచి చూడండి. షెడ్డు అప్పుతో కట్టాడు. ఉదయం వంద కోళ్లు చచ్చి ఉన్నాయి. ఫోన్ చేస్తే మిగిలిన వేల కోళ్లూ పోతాయి, చుట్టూ ఉన్న వాళ్ల కోళ్లూ పోతాయి, ఊళ్లో అందరూ తననే అంటారు. పరిహారం ఇచ్చేది అధికారులు చంపిన కోళ్లకే, ముందే చచ్చిన వాటికి కాదు. ఫోన్ చేయకుండా మిగిలినవి రాత్రికి రాత్రే లారీ ఎక్కిస్తే కొంతైనా చేతికొస్తుంది. లారీ ఎక్కేది కోళ్లు మాత్రమే కాదు, వైరస్ కూడా. ఆ బోనులు, గుడ్ల ట్రేలు, డ్రైవర్ చెప్పులు రేపు ఇంకో ఫారంలో దిగుతాయి.

వలస పక్షుల్ని మనం ఆపలేం. అవి ఒక ఫారంలో నిప్పు పెట్టొచ్చు. పక్క ఫారానికి ఆ నిప్పు మోసుకెళ్లేది మాత్రం చాలాసార్లు మన బండ్లే. అందుకే నా లెక్క ప్రకారం బర్డ్ ఫ్లూ కంట్రోల్‌లో అన్నిటికంటే గట్టి మందు నిజం చెప్పిన రైతు నష్టపోకుండా చూడటం. పరిహారం సరిపడా రావాలి, త్వరగా రావాలి. హాంకాంగ్ దారులు మూసింది. మన దగ్గర ఏ దారి మూయాలో ముందుగా తెలిసేది ఆ రైతుకే.

మీ ఇంట్లో కోళ్ల ఫారం ఉంటే రెండే మాటలు. చచ్చిన కోళ్లని ఒట్టి చేతులతో ముట్టుకోవద్దు, కాలువలో పడేయొద్దు. బయటి బండి ఏదొచ్చినా గేటు దగ్గరే టైర్లకి మందు కొట్టించండి. మీ ఊళ్లో పరిహారం ఎన్నాళ్లకి వచ్చిందో కామెంట్‌లో రాయండి, నేను అన్నీ చదువుతా. మళ్లీ కలుద్దాం.