అత్రాఫ్ నుండి బల్దియాకు: ఎల్‌బీ నగర్ పురపాలనలో వినతియు, వార్తయు

హైదరాబాదు నగరపాలక సంస్థను తెలుగు వార్తాపత్రికలు నేటికిని ‘బల్దియా’ యని వ్యవహరించుచున్నవి. అరబ్బీ మూలముగల ‘బలద్’ శబ్దమునుండి పుట్టి, ఉర్దూ ద్వారమున మనకు సంక్రమించిన మాట ఇది. నిజాముల కాలమున రాజధానిని చుట్టియుండిన జిల్లాకు ‘అత్రాఫె బల్దా’ యని పేరు. నగరపు చుట్టుపట్లని దాని యర్థము. ఎల్‌బీ నగర్, దిల్‌సుఖ్‌నగర్ అని పిలువబడు తూర్పు ప్రాంతము ఆ చుట్టుపట్లలోనిదే. చుట్టుపట్లుగా నుండినది బల్దియాలో భాగమగు లోపల అచ్చటి నివాసులు తమ పాలనావ్యవహారములలో ఏ రూపమున పాల్గొనిరి? ఎన్నికల ఫలితములను మాత్రమే చూచినచో ఈ ప్రశ్నకు సమాధానము దొరకదు. సభలో కూర్చుండి చర్చించుటకన్న వినతిపత్రము సమర్పించుటయు, దానిని వార్తగా వేయించుటయు ఇచ్చటి పౌరజీవనమునకు ముఖ్యసాధనములైనవని చూపుట ఈ వ్యాసమున నా ఉద్దేశము.

నగర పురపాలనకు 1869లో మొదటి సాలార్‌జంగు కాలమున బీజము పడినది. 1933 నాటి చట్టము, 1960లో హైదరాబాదు, సికింద్రాబాదు కార్పొరేషనుల ఏకీకరణము మున్నగు ఘట్టములు అందరెరిగినవే. అవి యన్నియు నగరమునకు సంబంధించినవి. తూర్పున సరూర్‌నగర్, హయత్‌నగర్, నాగోలు, మన్సూరాబాదు, సాహెబ్‌నగర్, కర్మన్‌ఘాట్ అను గ్రామము లుండెను. హయత్‌నగర్ పేరు అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి హయత్ బక్షీ బేగమును స్మరింపజేయును. సరూర్‌నగర్ చెరువు 1626 ప్రాంతమున తవ్వబడినది. అత్రాఫె బల్దా భూములలో అధికభాగము సర్ఫెఖాస్, అనగా నిజాము సొంత ఆస్తి. అది ప్రభుత్వ భూములలో విలీనమైనది 1949లో మాత్రమే. ఏలికయే భూస్వామియైన చోట రైతు అర్జీదారుగా నుండగలడే కాని, నిర్ణయములలో పాలివాడు కాజాలడు. ఈ ‘అర్జీ’యే తరువాత ‘వినతిపత్ర’మైనది. పేరు మారినంతగా దాని స్వభావము మారలేదని నేను తలంచుచున్నాను.

గ్రామములు కాలనీలైన తీరు ప్రత్యేకముగ గమనింపదగినది. విజయవాడ, నాగార్జునసాగర్ మార్గములు చీలుచోట ఏర్పడిన కూడలికి లాల్‌బహదూర్ శాస్త్రి పేరు పెట్టబడినది. నల్లగొండ, ఖమ్మము జిల్లాలనుండియు, కోస్తా జిల్లాలనుండియు వచ్చినవారు, ప్రభుత్వోద్యోగులు, ఉపాధ్యాయులు ఇచ్చట స్థలములు కొని యిండ్లు కట్టుకొనిరి. వనస్థలిపురము ఒకప్పటి వేటభూముల యంచున వెలసినది. దాని చెంతనే 1975లో హరిణవనస్థలి ఏర్పడినది. చైతన్యపురి, హస్తినాపురము, బి.ఎన్. రెడ్డి నగర్ మొదలైన పేర్లను చూచిన, పాత ఊరి పేర్ల ప్రక్కన కొత్త సమాజ మొకటి తనకు తాను నామకరణము చేసికొన్నట్లు తోచును. ఇండ్లు ముందు వచ్చినవి. బాట, మురుగుకాలువ, మంచినీరు తరువాత రావలసియుండెను. ఆ నడుమ నున్న ఖాళీలోనే కాలనీ సంక్షేమ సంఘము పుట్టినది. చందాలు వసూలుచేయుట, బోరుబావి తవ్వించుట, వీధిదీపములకై కార్యాలయముల చుట్టు తిరుగుట దాని పనులు. పురపాలక సంఘ మేర్పడకముందే పురపాలనకార్యము ఒక రీతిగా ఇంటియజమానుల చేతులలో నడచినదన్నమాట. అద్దెకుండువారికి ఆ సంఘములలో చోటు తక్కువ యనుటయు మరువరాదు.

1978లో రంగారెడ్డి జిల్లా యేర్పడినది. 1980ల ద్వితీయార్ధమున ఎల్‌బీ నగర్ పురపాలక సంఘము వచ్చినది. గడ్డిఅన్నారము ప్రత్యేక పురపాలక సంఘమైనది. 1991 జనగణనలో ఒకటిన్నర లక్షలు దాటిన ఎల్‌బీ నగర్ జనసంఖ్య 2001 నాటికి రెండు లక్షల అరువదివేలు మించినది. పాత పట్టణము లనేకము నూరేండ్లలో ఎరుగని పెరుగుదల యిది.

సరిగా ఈ కాలముననే తెలుగు పత్రికారంగమున ఒక మార్పు వచ్చినది. 1989లో ‘ఈనాడు’ జిల్లా అనుబంధములను ప్రారంభించినది. తక్కిన పత్రికలును ఆ దారినే పట్టినవి. అంతకుముందు ఒక వీధిలో మురుగు పొంగిన విషయము రాజధాని పత్రికలో నెక్కుట దుర్లభము. అనుబంధముతో అది నిత్యవార్తయైనది. ఆ వార్తల కట్టుబడిని పరిశీలించిన, మొదట స్థలనామము, పిమ్మట బాధ, ఆ వెనుక ఎన్నిమారులు విన్నవించినను ఫలితము లేదను మాట, తుదకు అధికారులు స్పందింపవలెనను కోరిక కనబడును. ఇది వినతిపత్రపు చట్రమే! సంఘకార్యదర్శి వ్రాసియిచ్చిన కాగితమును విలేఖరి క్రియాపదములు మార్చి ప్రకటించుట అరుదు కాదు. అధికారియు మూలపత్రమునకన్న దాని ముద్రితరూపమునకే త్వరపడునని కాలనీవాసుల నమ్మకము. కావున ఈ వార్తలను వట్టి సమాచారముగ భావించుట పొరపాటు. అవి పాలనలో పాల్గొనుట కొక మార్గము. అయితే ఆ మార్గమున పౌరుడు అడుగువాడుగనే నిలిచెను. పద్దును పరిశీలించుట, ఏ పని ముందు ఏది వెనుక యని తోడివీథులవారితో కలసి నిర్ణయించుట అనుబంధపు పుటలలో మిక్కిలి తక్కువగ కనబడును.

74వ రాజ్యాంగసవరణము 1993 జూన్ 1న అమలులోనికి వచ్చి, మూడులక్షలును అంతకు మించియు జనాభాగల పురములలో వార్డు కమిటీలు ఉండవలెనని విధించినది. 2001 లెక్కను బట్టి ఎల్‌బీ నగర్ ఆ మేర చేరలేదు. 2007 ఏప్రిల్ 16న ఎల్‌బీ నగర్, గడ్డిఅన్నారములతో సహా పండ్రెండు పురపాలక సంఘములు హైదరాబాదులో విలీనమై మహానగరపాలక సంస్థ ఏర్పడినది. విలీనముతో వార్డు కమిటీ హక్కు లభించినది; సొంత పాలకమండలి పోయినది. 2009 నవంబరులో ఎన్నికలు జరుగువరకు ఆ మహానగరమునకు ఎన్నికైన పాలకవర్గమే లేదు. 2011లో దాని జనాభా 67 లక్షలు దాటగా వార్డులు 150. ఒక్కొక్క సభ్యుడు సగటున నలుబదియైదువేలమందికి ప్రతినిధి. పోలింగు 2009లో సుమారు 42 శాతము, 2016లో సుమారు 45, 2020లో 46.55 శాతము. ఈ అంకెలను చూచి నగరవాసులు ఉదాసీనులని తీర్పుచెప్పువారు కలరు. ఓటు వేయని యింటివారే కాలనీ సంఘమునకు చందా కట్టుటను వారు లెక్కలోనికి తీసికొనలేదు.

2020 అక్టోబరు 13, 14 తేదీల వర్షములు ఈ చరిత్రలో ఒక మలుపు. సరూర్‌నగర్ చెరువు పొంగి కోదండరామ్ నగర్ మున్నగు కాలనీలు మునిగినవి, బి.ఎన్. రెడ్డి నగర్ వైపు హరిహరపురము కాలనీ కప్రాయి చెరువునీటిలో నిలిచినది. ‘శిఖము’ అనగా చెరువు నిండినపుడు నీరు నిలుచు నేల. రెవిన్యూ దస్తావేజులలో మాత్రమే మిగిలిన ఆ మాటకు అర్థము వేలాది కుటుంబములకు ఒక్కరాత్రిలో బోధపడినది. ప్రభుత్వము కుటుంబమునకు పదివేల రూపాయల సహాయము ప్రకటింపగా, ఎన్నికల నియమావళి కారణమున నవంబరు 18న పంపిణీ నిలిపివేయబడినది. డిసెంబరు 1 నాటి ఎన్నికలలో ఎల్‌బీ నగర్ ప్రాంతపు వార్డులను దాదాపు అన్నింటిని భారతీయ జనతాపార్టీ గెలిచినది. లింగోజిగూడలో గెలిచిన అభ్యర్థి ప్రమాణస్వీకారమునకు ముందే మరణింపగా, 2021 ఏప్రిల్ 30న జరిగిన ఉపఎన్నికలో కాంగ్రెసు అభ్యర్థి గెలిచెను. అయిదు నెలలలో వచ్చిన యీ మార్పును పార్టీల బలాబలములతో మాత్రమే వివరించుట కష్టము.

పరిశోధకులకు ఇందు ఒక చిక్కు కలదు. గ్రంథాలయములు ప్రధానపత్రికను కుట్టించి దాచినట్లు అనుబంధములను దాచుట తక్కువ. అవి పొట్లములకు పోవును. కాలనీ సంఘముల తీర్మానపుస్తకములు కార్యదర్శి మారినప్పుడెల్ల ఇల్లు మారును. వినతికిని, వార్తకును, చేసిన పనికిని తేదీలు సరిపోల్చవలెనన్న ఈ రెండును చేతనుండవలెను. 2025 డిసెంబరులో మరి 27 పురపాలక సంస్థలు విలీనమై వార్డులు 300గా పునర్విభజింపబడినవి. వానిలో తుర్కయాంజాల్, పెద్ద అంబర్‌పేట, మీర్‌పేట మొదలైనవి ఎల్‌బీ నగర్‌కు ఆవలి చుట్టుపట్లు. ఈ తరపు అత్రాఫ్ అనవచ్చును. ఆ పాలకవర్గముల తీర్మానములు ఏ కార్యాలయపు బీరువాకు చేరినవో ఆ ప్రాంతముననుండు పరిశోధక విద్యార్థులు ఇప్పుడే విచారించి జాబితా వ్రాసికొనుట మేలు.