ఈఏఎస్ శర్మ ఎవరు? సోంపేట, కాకరాపల్లి పోరాటాల్లో ఆయన లేవనెత్తిన ప్రశ్న ఏంటి?

ఉద్దానంలో కొత్త ప్రాజెక్టు మాట వినిపిస్తే చాలు.. సోంపేట, కాకరాపల్లి పేర్లు మళ్లీ చర్చకు వస్తాయి. వాటితో పాటు వినిపించే మరో పేరు ఈఏఎస్ శర్మ. ఆయన ఎవరు? ఏం చేశారు? వివరాలు ఇవీ..

ఎవరీ శర్మ?
ఏపీ కేడర్ ఐఏఎస్ అధికారి. కేంద్రంలో విద్యుత్, ఆర్థిక శాఖల కార్యదర్శిగా పనిచేశారు. స్వచ్ఛందంగా పదవీ విరమణ చేశాక హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ ఆఫ్ ఇండియాకు ప్రిన్సిపల్‌గా ఉన్నారు. అధికారులకు, కంపెనీల మేనేజర్లకు శిక్షణ ఇచ్చే సంస్థ ఇది. ఆ తర్వాత విశాఖలో స్థిరపడి ప్రజా సమస్యలపై ప్రభుత్వాలకు లేఖలు రాస్తూ వస్తున్నారు.

సోంపేటలో ఏం జరిగింది?
పలాసకు ఉత్తరాన ఉన్న సోంపేట బీలలో నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీ థర్మల్ ప్లాంట్ పెట్టాలనుకుంది. కాగితాల మీద అది పనికిరాని భూమి. కానీ అక్కడి రైతులకు సాగునీరు, మత్స్యకారులకు చేపలు ఇచ్చేది ఆ బీలే. పర్యావరణ పరిరక్షణ సంఘం ఉద్యమానికి శర్మ అండగా నిలిచారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో కనీసం ఇద్దరు చనిపోయారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలేట్ అథారిటీ ప్లాంటు అనుమతిని రద్దు చేసింది. ప్లాంటు రాలేదు.

కాకరాపల్లిలో..
టెక్కలి దగ్గర సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి తంపరలో ఈస్ట్ కోస్ట్ ఎనర్జీ 2,640 మెగావాట్ల ప్లాంటు తలపెట్టింది. వలస పక్షులు వచ్చే తేలినీలాపురం దీనికి దగ్గరే. 2011 ఫిబ్రవరి 28న ఇక్కడా కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. వెంటనే కేంద్ర పర్యావరణ శాఖ పనులు ఆపమంది. తర్వాత కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది.

పార్టీల విరాళాలపైనా..
శర్మ, ఏడీఆర్ సంస్థ కలిసి వేసిన పిటిషన్‌పై 2014 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు తీర్పిచ్చింది. వేదాంత గ్రూపు కంపెనీల నుంచి విరాళాలు తీసుకుని కాంగ్రెస్, బీజేపీ విదేశీ విరాళాల చట్టాన్ని ఉల్లంఘించాయని తేల్చింది. ఆ తర్వాత కేంద్రం 2016, 2018లో చట్టాన్నే పాత తేదీల నుంచి వర్తించేలా సవరించింది.

అసలు పాయింట్ ఇదే
కంపెనీ నైతికత అంటే సీఎస్ఆర్ నిధులతో బడికి రంగులు వేయించడం కాదు. లాభాల్లో 2 శాతం ఖర్చు పెట్టడం తర్వాతి మాట. ముందు, భూమి గురించి నివేదికలో నిజం రాయాలి. బీలను బంజరు అని రాస్తే మిగతా లెక్కలన్నీ తప్పుతాయి.

మీ ఊళ్లో ప్రాజెక్టు వస్తే..
నిబంధనల ప్రకారం..
* ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి.
* పర్యావరణ నివేదిక సారాంశం తెలుగులోనూ అందుబాటులో ఉంచాలి.
* సభకు వెళ్లలేనివాళ్లు అభ్యంతరాలు రాసి పంపొచ్చు.
* అనుమతి వచ్చాక 30 రోజుల్లోపు జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు అప్పీలు చేయొచ్చు. సరైన కారణం చూపితే మరో 60 రోజుల వరకు గడువు ఇస్తారు.

మూలపేట పోర్టు, పలాస ప్రాంతంలో ఎయిర్‌పోర్టు ప్రతిపాదనతో ఈ తీరంలో మళ్లీ భూముల చర్చ నడుస్తోంది. ప్రాజెక్టు కావాలనేవాళ్లైనా, వద్దనేవాళ్లైనా ముందు ఆ నివేదిక తెప్పించుకుని చదవాలి. సోంపేట నేర్పిన పాఠం ఇదే.