ఆకాశం వెంట తిరిగే మరలు

సాగర్ నుంచి హైదరాబాద్‌కు బస్సులో వెళ్లిన మనమందరం ఇబ్రహీంపట్నం మీదుగా ఎన్నిసార్లు పోయి ఉంటామో లెక్కలేదు. ఆ దారికి కాస్త ఎడంగా జపాల్, రంగాపూర్ అనే రెండు ఊళ్లున్నాయి. వాటి దగ్గర ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి వేధశాల ఉంది. 1968 చివర అక్కడ 48 అంగుళాల అద్దం గల టెలిస్కోప్ పని మొదలుపెట్టింది. అప్పటికి మన దేశంలో అంతకంటే పెద్దది లేదు. మన డ్యాం కాలువలకు నీళ్లు వదిలింది 1967 ఆగస్టు 4న. అంటే రెండింటికీ మధ్య ఏడాదిన్నర కూడా తేడా లేదు. డ్యాం గురించి మన సార్లు ప్రతి తరగతిలోనూ చెప్పారు. ఆ టెలిస్కోప్ ముచ్చట మాత్రం మన బడిలో పెద్దగా వినబడలేదు.

స్వర్ణోత్సవ కానుకగా బడికి మోటారుతో తిరిగే టెలిస్కోప్, దానికి బిగించే కెమెరా కొనిద్దామని మిత్రులు కొందరు అంటున్నారు. మంచి మాటే. అయితే మన చుట్టుపక్కల ఈ పని దాదాపు నూటయాభై ఏళ్లుగా జరిగింది. అది ఎలా జరిగిందో, ఎక్కడ ఆగిందో తెలుసుకుని కొనడం మేలు.

మొదటి ఘట్టం కృష్ణకు అవతల, గుంటూరులో. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ వచ్చి అక్కడ వర్ణపటం చూశాడు, గ్రహణం లేనప్పుడు కూడా సూర్యుడి అంచున ఎగసే జ్వాలలను చూసే ఉపాయం మరునాడే పట్టాడు. ఆ కథ పుస్తకాల్లో ఉంది. అదే గుంటూరులో మేజర్ టెనెంట్ అనే బ్రిటిష్ అధికారి ఫొటోలు తీశాడన్నది ఎక్కువ మందికి తెలియదు. అప్పటి గాజు ప్లేటు మీద మందు పూసి, తడి ఆరకముందే ఫొటో తీసి, వెంటనే కడగాలి. ఆగస్టు నెల, ఆకాశంలో పల్చటి మబ్బు, పైగా చీకటి ఉండేది ఐదు నిమిషాల పైచిలుకు. ఆ కాసేపూ టెలిస్కోప్ సూర్యుడి వెంట సమానంగా తిరగాలి. మరలో ఏదైనా పట్టేస్తే బాగుచేసే వ్యవధి లేదు.

ఇక్కడ సంగతి అర్థం కావాలంటే ఒక చిన్న లెక్క చూడాలి. భూమి తిరగడం వల్ల చుక్కలు ఒక సెకనులో కోణంలో 15 సెకన్ల మేర జరుగుతాయి. కంటితో చూసేవాడికి దాంతో ఇబ్బంది లేదు. ప్లేటు మీద నిమిషాల తరబడి వెలుగు పడాలంటే మాత్రం టెలిస్కోప్ కూడా అంతే వేగంతో ఎదురు తిరగాలి, 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లకు సరిగ్గా ఒక చుట్టు. కరెంటు మోటార్లు రాకముందు ఈ పని గడియారం చేసేది. బరువు ఒకటి మెల్లగా కిందికి దిగుతుంటే పళ్ల చక్రాలు తిరుగుతాయి. వేగం హెచ్చకుండా గుండ్రంగా తిరిగే గోళాల గవర్నరు అదుపు చేస్తుంది. చివర వర్మ్ గేరు పెద్ద చక్రాన్ని, చక్రం టెలిస్కోప్ ఇరుసును తిప్పుతుంది. బరువు నేలకు దిగితే మళ్లీ హ్యాండిల్ వేసి పైకి చుట్టాలి. మన డ్యాం 26 గేట్లు ఎత్తే హోయిస్టుల దగ్గర పనిచేసిన నాన్నల పిల్లలకు గేర్ల గురించి నేను చెప్పనక్కర్లేదు. తేడా ఒక్కటే. గేటు ఒక అంగుళం అటూ ఇటూ అయినా నీళ్లు పోతాయి. ఇక్కడ వెంట్రుకంత తేడా వచ్చినా చుక్క గీత అయి కూర్చుంటుంది.

ఈ విద్యలో మన రాష్ట్రం నిజంగా పేరు తెచ్చుకున్నది బేగంపేటలో. హైదరాబాద్ ప్రభువుల్లో ఒకరైన నవాబ్ జఫర్ జంగ్ సొంత డబ్బుతో ఇంగ్లండు నుంచి 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోప్ తెప్పించి, 1901లో ఫిసల్‌బండలో వేధశాల పెట్టారు. దానికి నిజామియా అని పేరు. 1907లో ఆయన చనిపోయారు, మరుసటి ఏడు ప్రభుత్వం దాన్ని తన చేతిలోకి తీసుకుంది. డైరెక్టరుగా వచ్చిన చాట్‌వుడ్ దాన్ని బేగంపేటకు మార్చారు. అక్కడ ఫొటోల కోసమే చేసిన 8 అంగుళాల కుక్ ఆస్ట్రోగ్రాఫ్ నెలకొల్పారు. నవాబు గారి పెద్ద టెలిస్కోప్ మాత్రం 1922 దాకా స్థిరంగా నిలబడలేదు. కొన్నాక ఇరవై ఏళ్లు! బడికి కానుక అంటున్న మిత్రులు ఈ ఒక్క సంవత్సరాన్ని గుర్తు పెట్టుకుంటే చాలు.

ఆ 8 అంగుళాల పరికరానికి పెద్ద బాధ్యతే వచ్చింది. 1887లో పారిస్‌లో పలు దేశాల ఖగోళవేత్తలు కూడి మొత్తం ఆకాశాన్ని ఫొటోలు తీసి పంచుకుందామని నిర్ణయించారు. దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల మధ్య పట్టీ చిలీలోని శాంటియాగో వంతు. వాళ్లు చేయలేకపోయారు, అది హైదరాబాద్‌కు వచ్చింది. మన రైతులు కార్తెల లెక్కలో చెప్పుకునే హస్త, అనూరాధల చుక్కలు కొన్ని ఈ పట్టీలోనివే. 1914లో పోకాక్ డైరెక్టరుగా వచ్చి పనికి ఊపు తెచ్చారు. 1918లో ఆయన మరణించాక ఆ భారం టి.పి. భాస్కరన్ ఎత్తుకున్నారు. తర్వాత ఉత్తరాన 36 నుంచి 39 డిగ్రీల పట్టీ కూడా తీసుకున్నారు. ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు కొలిచి, పన్నెండు సంపుటాలు అచ్చువేశారు. 1919 నుంచి వేధశాల ఉస్మానియా కిందికి వచ్చింది.

ఆ ప్లేట్లలో ఒక మిల్లీమీటరు ఆకాశంలో ఒక కోణీయ నిమిషానికి సమానం. అంటే గడియారం నాలుగు సెకన్లు ఆగితే చుక్క దాదాపు ఒక మిల్లీమీటరు పక్కకు సాగుతుంది. కొలత ఇక చెత్తబుట్టకే. అందుకే గడియారాన్ని ఒక్కదాన్నే నమ్మలేదు. ఫొటో తీసే గొట్టానికి జతగా ఇంకో గొట్టం ఉండేది. అందులో సాలెపురుగు దారంతో చేసిన అడ్డగీతలు. పరిశీలకుడు ఒక చుక్కను ఆ గీతల కూడలిలో పెట్టుకుని, అది జరగబోతే చేతి మీటతో వెనక్కు తెస్తూ కన్నార్పకుండా కూర్చునేవాడు. ఎంత గొప్ప కంపెనీ యంత్రమైనా తప్పు చేస్తుంది. దుమ్ము పడుతుంది, నూనె చిక్కబడుతుంది, పన్ను అరుగుతుంది. తప్పు ఎటు పోతుందో ఎరిగిన మనిషి పక్కన ఉన్నందువల్లే పన్నెండు సంపుటాలు వచ్చాయని నా అభిప్రాయం.

ఆ వేధశాలలోనే పనిచేసిన ఒక ఉద్యోగి కొడుకు ఈ వాతావరణంలో పెరిగి, హైదరాబాద్ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో హార్వర్డ్ వెళ్లాడు. ఆయనే వేణు బాపు. 1949 జూలైలో అక్కడ తీసిన ఒక ప్లేటు మీద కొత్త తోకచుక్కను గుర్తించాడు. బాపు, బాక్, న్యూకిర్క్ ముగ్గురి పేర్లా దాన్ని పిలుస్తారు. ప్లేటులో తక్కిన చుక్కలన్నీ ముత్యాల్లా గుండ్రంగా ఉంటేనే తేడాగా ఉన్నది కనిపిస్తుంది. అన్నీ గీతలై ఉంటే తోకచుక్కను ఎవరు పోల్చగలరు? తర్వాత ఆయన తలపెట్టిన 2.34 మీటర్ల టెలిస్కోప్ తమిళనాడు కావలూరులో దేశీయంగానే తయారై, ఆయన పోయాక 1986లో ఆయన పేరే పెట్టుకుంది.

బేగంపేట చుట్టూ ఊరు పెరిగి దీపాలు ఎక్కువయ్యాయి. అక్బర్ అలీ కాలంలో అమెరికాలోని ఫెకర్ కంపెనీ దగ్గర పెద్ద టెలిస్కోప్‌కు ఏర్పాటు చేశారు. దాన్ని నిలబెట్టే నాటికి అభ్యంకర్ డైరెక్టరు. అదే మన దారిలోని జపాల్ రంగాపూర్. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణం నాడు నీడ మన నల్గొండ జిల్లా మీదుగానే పోయింది, ఆ వేధశాల మీదుగానూ పోయింది. పొద్దున్నుంచే జనం తలుపులు వేసుకున్న రోజు అది. మనలో చాలామందికి జ్ఞాపకం ఉండాలి. కానీ ఆ పెద్ద టెలిస్కోప్ తర్వాతి కాలంలో ఏళ్ల తరబడి నిలిచిపోయింది. అద్దం పగిలో, పిడుగు పడో కాదు. చూసేవాళ్లు, మరమ్మతు ఎరిగినవాళ్లు ఒకరి వెంట ఒకరు వెళ్లిపోతే ఇలాంటివి ఆగుతాయి. మన బడి ల్యాబ్ బీరువాలో తాళం పడి ఉన్న పరికరాలను చూసినవారికి వేరే చెప్పాలా?

ఇప్పుడు మనం కొనబోయే దాంట్లో బరువూ గవర్నరూ ఉండవు, చిన్న మోటారు ఉంటుంది. వర్మ్ గేరు మాత్రం చాలావాటిలో అదే. తప్పులూ పాతవే, కాబట్టి పట్టే పద్ధతీ పాతదే. ఫొటోలో చుక్కలు సాగితే ముందు ఎలా సాగాయో చూడాలి. ఒకే దిక్కుకు నిదానంగా జరుగుతూ పోతే ఇరుసు ధ్రువం వైపు సరిగా లేదు. ఊగుతూ మళ్లీ అదే చోటికి వస్తుంటే తప్పు వర్మ్‌ది: 180 పళ్ల చక్రమైతే వర్మ్ సుమారు 8 నిమిషాలకు ఒకసారి తిరుగుతుంది, ఊపూ 8 నిమిషాలకే తిరిగొస్తుంది. ఉన్నట్టుండి గెంతితే కేబుల్ ఎక్కడో లాగుతోంది, గాలి కొడుతోంది, లేదా గేరు పళ్ల మధ్య లూజు ఉంది. లూజుకు పాతవాళ్ల మందు, తూర్పు వైపు బరువు కొంచెం ఎక్కువ ఉంచడం. పళ్లు ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి. టెలిస్కోప్ వేగంగా తిరిగేటప్పుడు రిమోట్ ఆగి మళ్లీ మొదలైతే మోటారును అనుమానించకండి. 12 వోల్టుల బ్యాటరీ దిగిపోయి ఉంటుంది, లేదా వైరు సన్నగా, పొడుగ్గా ఉంటుంది.

మన ఊరికి సొంత చిక్కు ఒకటుంది. ఇరుసు ఎంత ఎత్తుకు వాలాలో ఆ ఊరి అక్షాంశం చెబుతుంది. గ్రబ్ ఊరు డబ్లిన్‌లో అది 53 డిగ్రీలు, నిటారుకు దగ్గర. సాగర్‌లో పదహారున్నరే, దాదాపు పడుకున్నట్టే. చలిదేశాల కోసం చేసిన మౌంట్లు కొన్ని అంత కిందికి వంగవు. వంగినా సమతూకపు బరువు ముక్కాలి పీట కాలికి తగిలి మోటారు మొరాయిస్తుంది. కొనేముందు దుకాణంవాడిని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది, ఎన్ని రెట్లు పెద్దగా కనిపిస్తుందన్నది కాదు. ధ్రువ నక్షత్రమూ అంతే కిందుగా ఉంటుంది, గుట్ట అడ్డం వస్తే కనిపించదు. అప్పుడు నడినెత్తి గీత దగ్గర, ఖగోళ మధ్యరేఖకు చేరువలో ఉన్న ఒక చుక్కను అడ్డగీతల మీద పెట్టి కాసేపు చూడాలి. అది దక్షిణానికి జరిగితే ఇరుసు కొన తూర్పుకు ఎక్కువ తిరిగి ఉంది, ఉత్తరానికి జరిగితే పడమరకు. అది సరయ్యాక తూర్పున ఉన్న చుక్కతో ఎత్తు చూసుకోవాలి: దక్షిణానికి పోతే ఇరుసు దిగి ఉంది, ఉత్తరానికి పోతే లేచి ఉంది.

జలాశయం పక్కన చలికాలపు రాత్రుల్లో లెన్సు మీద మంచు చెమర్చడం ఇంకో బాధ, దానికి సన్నని వేడి పట్టీ చుడితే పోతుంది.

అందుకని నా విన్నపం. టెలిస్కోప్ డబ్బులోంచే ఒక మంచి బైండు పుస్తకం కొనండి. ఫిజిక్సు సారు ఒకరు, తొమ్మిదో తరగతి పిల్లలు ఇద్దరు ప్రతి ఏటా దాని బాధ్యత తీసుకోవాలి. ఏ రాత్రి చుక్క ఎటు జరిగింది, ఎన్ని నిమిషాల్లో జరిగింది, ఏ స్క్రూ ఎంత తిప్పారు, అన్నీ రాయాలి. తొమ్మిదో తరగతి వాళ్లే ఎందుకంటే, వాళ్లు పదికి వెళ్లాక కింది తరగతి వాళ్లకు నేర్పడానికి ఇంకో ఏడాది బడిలోనే ఉంటారు.