లేబులింగ్ సిద్ధాంతం

నేరస్వభావం మనిషి పుట్టుకతో రాదని, సమాజం వేసే ముద్రే అతన్ని నేరంలో స్థిరపరుస్తుందని చెప్పే సామాజికశాస్త్ర సిద్ధాంతం. ఫ్రాంక్ టానెన్‌బామ్ 1938లో దీనికి పునాది వేశాడు. తొలి తప్పు వేరు, ‘దొంగ’ అనిపించుకున్నాక చేసే తప్పు వేరని ఎడ్విన్ లెమర్ట్ 1951లో వివరించాడు. హోవర్డ్ బెకర్ పుస్తకం ‘అవుట్‌సైడర్స్’ (1963) దీన్ని ప్రచారంలోకి తెచ్చింది. ఆ ముద్ర ఇలా పనిచేస్తుంది: జైలు నుంచి వచ్చినవాడికి పని ఇవ్వరు, ఇల్లు అద్దెకివ్వరు, వీధిలో ఏది పోయినా పోలీసులు ముందు అతని తలుపే తడతారు. ఇక పాత సావాసమే గతి.

తెలుగునాట ఇందుకు స్టూవర్టుపురం అనే ఊరిని మించిన ఉదాహరణ లేదు. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తింపజేశారు. నేరం రుజువు కాకుండానే ఎరుకల తెగ కుటుంబాలను నేరస్థ తెగల జాబితాకెక్కించి, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ స్టూవర్టుపురంలో నడిపిన సెటిల్‌మెంటులో ఉంచారు. వాళ్లు హాజరు పలకాల్సి వచ్చేది, అనుమతి లేనిదే ఊరు దాటే వీలుండేది కాదు. పసిపిల్లలకూ (ఏం దొంగిలించారనో!) అదే ముద్ర. 1952లో చట్టం రద్దయింది, ఊరి పేరు మీది అనుమానం మాత్రం పోలేదు. సినిమాలూ దాన్ని వాడుకున్నాయి.

అయితే తొలి తప్పు ఎందుకు జరుగుతుందో ఈ సిద్ధాంతం చెప్పలేదు. విమర్శకులు ప్రధానంగా ఎత్తిచూపే లోపం ఇదే.