ఇద్దరు కూర్చున్న చోట

2015వ సంవత్సరము సెప్టెంబరులో మన నిజామాబాదు జిల్లాలో శోచనీయమైన సంగతి యొకటి జరిగెను. కల్తీ కల్లుపై ప్రభుత్వము గట్టిగా తనిఖీలు చేయగా, అందులో కలుపుచుండిన ఆల్ప్రాజోలము, డైజిపాము, క్లోరల్ హైడ్రేటు వంటి మత్తుమందులు తగ్గిపోయెను. కొలది దినములలోనే, ఆ కల్లుకు అలవాటుపడిన కూలీలు, స్త్రీలు, వృద్ధులు చేతులు వణకుచు, మూర్ఛలు వచ్చి, లేనివి కనబడుచున్నవని కేకలు వేయుచు ఆసుపత్రులకు తేబడిరి. మహబూబ్‌నగర్ జిల్లాలోను ఇదే గతి. కల్లు చెరుపు చేయునని ఊరంతయు ఎరుగును. అది ఒక్కసారిగా ఆగినప్పుడు దేహమేమగునో చాలమంది అప్పుడే కన్నులార చూచిరి.

చందూరు, బోధను ప్రాంతములలో చదువు సహోదరులకు నేను దీనిని వర్ణించి చెప్పనక్కరలేదు. నిజాంసాగరు కాలువ నీటితో వరియు చెరకును పండిన నేల యిది. 1937లో శక్కర్‌నగరులో వెలసిన చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడెను. పగలంతయు చెరకు నరికినవానికి సాయంకాలము కల్లు దుకాణమే ఒళ్లునొప్పుల మందు, అదే స్నేహితుల కూడిక. త్రాగుడు మానినవాడు సీసాను మాత్రమే గాక ఆ కూడికను కూడ పోగొట్టుకొనును. ఇంటివారు ఈ రెండవ నష్టమును లెక్కింపరు.

దుకాణము మూయించుట మన స్త్రీలు ఎరిగిన పోరాటమే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుకొనుచుండిన స్త్రీలు సారా దుకాణమునకు అడ్డు నిలిచిరి. ఆ యుద్యమము రాష్ట్రమంతట వ్యాపింపగా 1993 అక్టోబరు 1న సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలింపబడెను. ఆ తల్లుల ధైర్యమును తక్కువచేయుట నా యుద్దేశము కాదు. కాని ఇంటిలో మానలేక కుములుచున్న వాని చేయి పట్టుకొనుట వేరొక పని. ఆ పని ఎట్లు మొదలాయెనో తెలిసికొనుటకు మనము దూరదేశమునకు వెళ్లవలెను.

1935 మే నెలలో బిల్ విల్సన్ అను న్యూయార్కు వ్యాపారి అమెరికాలోని ఏక్రన్ పట్టణమునకు వచ్చెను. అతడు త్రాగుడు మాని అయిదారు నెలలే. వచ్చిన పని చెడెను. హోటలు వసారాలో ఒంటరిగా నిలిచియుండగా ఒక ప్రక్క మద్యశాలలోని నవ్వులు వినబడెను. మరియొక ప్రక్క ఆ పట్టణపు చర్చిల పేర్ల పట్టిక వ్రేలాడుచుండెను. అతడు ఆ పట్టిక చూచి ఒక పాదిరిగారికి ఫోను చేసి, తాను మాటలాడుటకు మరియొక త్రాగుబోతు కావలెనని అడిగెను. ఎంత వింత మనవి! పాదిరిగారు నవ్వలేదు, ప్రసంగింపలేదు. కొందరి పేర్లు చెప్పెను. వారి మూలముగా మే 12న అతడు డాక్టర్ బాబ్ స్మిత్ అను శస్త్రవైద్యుని కలిసికొనెను. ఆ వైద్యుడు పావుగంటకంటె ఎక్కువ కూర్చుండనని ముందే చెప్పి వచ్చి, ఆరు గంటలు కూర్చుండెను. ఉపదేశము చేసినవారు అతనికి అంతకుముందు అనేకులు. తన బాధను తానుపడి చెప్పినవాడు ఇతడే.

అయినను ఆ వైద్యుడు మరల ఒకసారి పడిపోయెను. జూన్ 10న శస్త్రచికిత్సకు ముందు చేతుల వణకు ఆగుటకు ఒక సీసా బీరు త్రాగెను. అదే అతని కడపటి త్రాగుడు. ఆల్కహాలిక్స్ అనానిమస్ సహవాసమువారు ఆ దినమునే తమ జన్మదినముగా ఎంచెదరు. పిమ్మట ఆ యిద్దరు ఆసుపత్రికి పోయి, మంచమునకు కట్టబడిన మూడవవానిని వెదకిరి.

1957లో ఈ సహవాసము బొంబాయిలో మొదలై మన దేశమునకు వచ్చెను. చందా లేదు, పూర్తి పేరు చెప్పనక్కరలేదు. మానవలెనను కోరిక చాలును. భార్యలకు, పిల్లలకు అల్-అనాన్ అను వేరు కూడిక గలదు.

మన ఊరివాడు దీనిని వెదకుట యెట్లు? మొదట వైద్యునియొద్దకే. చాలకాలము త్రాగినవాడు ఇంటిలో ఒక్కసారిగా మానుట ప్రాణాపాయము, 2015లో చూచితిమి. నిజామాబాదు ప్రభుత్వ ఆసుపత్రిలోని మానసిక వైద్యులనో, 14446 అను ఉచిత ఫోను నంబరులోనో విచారించి, దగ్గర కూడిక ఎచ్చటనున్నదో అడుగవచ్చును. దగ్గర ఏదియు లేనిచో, మానగోరు ఇద్దరు ముగ్గురు కలిసికొనినను అది కూడికయేనని ఆ సహవాసపు నియమము.

లోకములో ఇట్టి కూడికలు అనేకము చర్చి గదులలోనే జరుగుచున్నవి, కాని అవి చర్చివి కావు. 1840లో బాల్టిమోరులో ఆరుగురు త్రాగుబోతులు మొదలుపెట్టిన సంఘము లక్షలమందికి పెరిగి, ఇతర వివాదములలో చిక్కుకొని అంతరించెను. గనుక వీరు ఏ పక్షమునకును, ఏ మతమునకును చేరరు. మన పెద్దలకు ఇది కొంచెము కష్టమే. గది తాళము ఇచ్చి, దీపము వేసి, బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేయవలెను. లోపల ఎవరు ఏమి చెప్పిరో మరునాడు అడుగరాదు.