‘నెల’ – అర్థవిచారము

నేటి వ్యవహారమున ‘నెల’ యనగా మాసమే. జీతమును, అద్దెను, వడ్డీని నెలలతో లెక్కించువారు ఆకాశమువైపు చూడరు. అయినను ఈ పదమునకు చంద్రుడను అర్థమును కలదు. 1852లో వెలువడిన బ్రౌను నిఘంటువున రెండర్థములును ఉన్నవి. వీనిలో ఏది మొదటిదో ఇచ్చట విచారింపదలచితిమి.

మొదట సమాసములను చూతము. ‘నెలవంక’ బాలచంద్రుడు, ‘నెలతాల్పు’ చంద్రుని ధరించిన శివుడు. ఈ తావులందు మాసార్థము పొసగదు. ‘వెన్నెల’ యందలి నెలయు చంద్రుడే. తమిళమున ‘వెణ్ణిలా’ యనగా తెల్లని చంద్రుడు. కన్నడమున వెన్నెలకు ‘బెళ్దింగళ్’ అని పేరు; అందలి ‘తింగళ్’ చంద్రునికిని మాసమునకును చెల్లును. పదములు వేరైనను కూర్పు ఒక్కటే.

ఇక సోదరభాషల సాక్ష్యము. కొలామీలో ‘నెల’, గోండిలో ‘నెలెంజ్’ చంద్రుని తెలుపు పదములు. తమిళమున ‘నిలా’, ‘నిలవు’ చంద్రుని, వెన్నెలను చెప్పును. మాసమునకు ‘తింగళ్’ వాడుదురు. అన్నిట నిలిచినది చంద్రార్థమే కనుక అదియే మూలమనియు, మాసార్థము దానినుండి పుట్టినదనియు మేము తలచుచున్నాము. కన్నడమున ‘నెల’ యనగా భూమి. అది మన ‘నేల’కు చుట్టమే గాని ‘నెల’కు కాదు. ధ్వనిసామ్యమును చూచి భ్రమపడరాదు.

ఈ అర్థపరిణామము సహజమైనది. అమావాస్యనుండి అమావాస్యకు సుమారు ఇరువది తొమ్మిదిన్నర దినములు. లెక్క వ్రాసికొనని కాలమున కూడ ఎల్లరకును కనబడు కొలమానము చంద్రుడే. కొలుచు వస్తువు పేరే కొలతకు పేరైనది. సంస్కృతమునను ‘మాస’ శబ్దము చంద్రవాచకమైన ‘మాస్’ శబ్దముతో సంబంధించినదే.

తరువాత చంద్రుడు, చందమామ అను పేర్లు వాడుకను ఆక్రమింపగా, ‘నెల’కు మాసార్థమే మిగిలెనని మా యూహ. ముప్పదియొక్క దినముల ఇంగ్లీషు నెలలు వచ్చిన పిదప కొలతకును చంద్రునికిని గల బంధము మరింత సడలినది. ముప్పదియొక్క దినములను ‘నెల’ యనునపుడు మనము మూలార్థమును మరచియే పలుకుచున్నాము.

అయినను ఆ బంధము పూర్తిగా తెగలేదు. మన పంచాంగమున చాంద్రమాసము అమావాస్యతో ముగియును. నెలవంక కనబడినదన్న వార్తతో రంజాన్ మాసము మొదలగును. ఆ వార్తను చదువు తెలుగువాడు, తెలియకయే, ‘నెల’ను దాని తొలి యర్థమున వాడుచున్నాడు.